చేతికివ్వని దుప్పటి

పుర్రక్క గెలిచిన మొట్టమొదటి గెలుపు ఏడో ఏట. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎడమచేత్తో మంచినీళ్ళు పెట్టి, మేనత్త చేతిలో దెబ్బ తినకుండా, పైగా "బుద్ధిమంతురాలు" అనిపించుకుని బయటపడింది. ఇదేం గొప్ప అని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఆ మేనత్తను ఎరగరన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పుర్రక్కకు ఇంట గెలవడానికే అంత కాలం పట్టింది.

అమ్మానాన్నలు మిల్లు పనికి దూరంగా ఉండేవారు. పిల్లను మేనత్తే పెంచింది. ప్రేమకు లోటు చేయలేదు గానీ, పిల్లది పుర్రచేతి వాటమని తెలిసిన రోజు నుంచి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. పలక బలపం దగ్గర్నుంచి చీపురుకట్ట దాకా పిల్ల ఏది ముట్టుకున్నా ముందుకొచ్చేది ఎడమచెయ్యే.

"ఆ చేత్తోనా ఇచ్చేది? ఎదుటివాళ్ళంటే అంత చులకనా నీకు?"

"నేనేమీ అనుకోలేదత్తా. చెయ్యే ముందుకొచ్చింది."

"చెయ్యి ముందుకొస్తే బుద్ధి వెనక్కిపోయిందా? పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. నేను పోగొడతా, చూస్తూ ఉండు!"

కుడిచేత్తో ఇద్దామంటే ఆ చెయ్యి వణికేది. అంతకుముందు వచ్చిన చుట్టానికి అలాగే ఇవ్వబోయి ఒళ్ళంతా తడిపేసింది. అందుకే ఆ రోజు నీళ్ళగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుడిచేత్తో ఇస్తే ఒలుకుతుంది, ఎడమచేత్తో ఇస్తే అత్త కళ్ళెర్రజేస్తుంది. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, గ్లాసును ఆయన పక్కనున్న ఎత్తుపీట మీద నెమ్మదిగా పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకుని నిలబడింది.

"ఎంత అణకువ నేర్పారమ్మా పిల్లకి!" అన్నాడాయన మురిసిపోతూ. "ఇంత మర్యాద మా ఇళ్ళల్లో ఏదీ?"

మేనత్త పిల్ల వంక చూసి, పీట వంక చూసి, గొంతు సవరించుకుని, "ఏదో లెండి, మా ఇంటి పద్ధతి," అంది.

ఆ పద్ధతే పుర్రక్కకు జీవితమంతా అన్నం పెట్టింది. చేతికివ్వడం మానేసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పంతులుగారికి సుద్దముక్క కావాలంటే బల్ల మీద పెట్టేది. పొరుగావిడకు సూదిదారం కావాలంటే గట్టు మీద పెట్టేది. ఏ చేత్తో పెట్టిందో ఎవరూ చూసేవారు కాదు. ఆ ఎడమచేత్తోనే బడిలో చక్కని దస్తూరికి బహుమతి తెచ్చుకుంది. ఆ ఎడమచేత్తోనే, కుడిచేతివాళ్ళ కోసం చేసిన కత్తెరతో, రవికలు కత్తిరించడం నేర్చుకుంది. పెద్దాసుపత్రి లాండ్రీలో చేరాక, మగవాళ్ళు తప్ప ఎవరూ నిలబడని పెద్ద ఇస్త్రీ యంత్రం ముందు నిలబడిన మొదటి ఆడమనిషి ఆమే. ఆ యంత్రం మీట ఎడమవైపు ఉండేది. అందరూ దాన్ని తిట్టుకునేవారు. ఈవిడకు మాత్రం అది పుట్టింటివాళ్ళు పంపినట్టు అమరింది. బడిలో వెక్కిరింపుగా పెట్టిన "పుర్రచెయ్యి" అనే పేరుకు లాండ్రీవాళ్ళు గౌరవంగా అక్క తగిలించారు. కొన్నేళ్ళకు మడతల వరసకంతటికీ ఆమెనే పెద్దను చేశారు.

ఆ లాండ్రీ ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. తలుపు తీయగానే ఆవిరి మొహానికి కొడుతుంది. ఒకవైపు గుండ్రటి అద్దాల వెనక బట్టలు గిరగిరా తిరుగుతుంటాయి. మరోవైపు వేడి రోలర్ల కింద నుంచి దుప్పట్లు అప్పడాల్లా సాగి బయటికొస్తాయి. ఆ చివర పొడవాటి మడతల బల్ల, దాని పక్కన వార్డులకు వెళ్ళే ట్రాలీలు. ఆపరేషను గదులకు ఆకుపచ్చ బట్టలు, పిల్లల వార్డుకు పూలపూల దుప్పట్లు, మిగిలిన వార్డులన్నిటికీ తెల్లవి.

అక్కడ పనిచేసేవాళ్ళలో ఊళ్ళోవాళ్ళు కొందరు, కొండల మీది నుంచి దిగివచ్చినవాళ్ళు కొందరు, ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్ళు కొందరు. ఇళ్ళల్లో ఎవరి భాష వారిది. లాండ్రీలో అందరిదీ పనిలో నేర్చుకున్న భాషే. దానికి వ్యాకరణం తక్కువ, చేతులు తిప్పడం ఎక్కువ.

పుర్రక్కకు మడతపెట్టడం నేర్పింది ఏటి అవతలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. అందరూ పెద్దమ్మ అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ మడిచిన దుప్పటి అంచులు చూస్తే, కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండేవి. ఇన్నేళ్ళూ ఆవిడ ఒక మూల ఒంటరిగా మడుచుకుని, తన పక్కనే దొంతి పేర్చుకునేది. ఎవరితోనూ ఇబ్బంది లేదు.

ఇబ్బంది వచ్చింది కొత్త పద్ధతితో. పని త్వరగా సాగాలని సూపర్‌వైజర్ మేడమ్ ఇద్దరిద్దరిని జత కలిపింది. ఒకరు మడిచి అందించాలి, రెండోవారు అందుకుని ట్రాలీలో పేర్చాలి. పెద్దమ్మకు జతగా కొండల మీది నుంచి కొత్తగా వచ్చిన ఒక పడుచును వేసింది. ఆ పిల్లను అందరూ కొండచెల్లి అనేవారు. గలగలా మాట్లాడే మనిషి. వచ్చిన మొదటి రోజే, తన మొగుడు రాతి క్వారీలో పనిచేస్తాడనీ, సాయంత్రం సైకిలు బెల్లు వినపడేదాకా తన ప్రాణం తన దగ్గర ఉండదనీ వరసంతటికీ చెప్పేసింది.

కొండవాళ్ళకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో అందుకోవాలి. కొండచెల్లి అలాగే రెండు చేతులూ చాచింది. పెద్దమ్మ మడిచిన తెల్లదుప్పటిని ఆ చేతుల్లో పెట్టకుండా, ట్రాలీ అంచు మీద పెట్టి వెనక్కి జరిగింది. పరధ్యానమేమో అనుకుంది కొండచెల్లి. మళ్ళీ చేతులు చాచింది. మళ్ళీ అంతే. మర్నాడూ అంతే. మూడోరోజు ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత నీళ్ళు నిప్పులయ్యాయి.

"నా చేతులకి ఏం అంటిందంట? నాకిస్తే దుప్పటి మైలపడుద్దా?" అని వరసంతా వినేలా అరిచింది. "ఇళ్ళల్లో పనికి పోయినప్పుడు మాకు గ్లాసు వేరే పెట్టేవాళ్ళు. ఆ బాధ పడలేకే ఇక్కడ చేరాను. ఇక్కడా అదే అయితే ఇంకెక్కడికి పోవాలి?"

పెద్దమ్మ తల వంచుకుని ఇంకో దుప్పటి మడిచింది.

కొండవాళ్ళంతా ఒక్కటై మేడమ్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఉంటే మేము ఉండం అన్నారు. మేడమ్ చెడ్డమనిషి కాదు, తొందరమనిషీ కాదు. స్వయంగా కిందికి దిగివచ్చి పెద్దమ్మను అడిగింది.

"ఎందుకమ్మా చేతికివ్వరు?"

"నా వల్ల కాదు తల్లీ."

"ఏం, ఆ అమ్మాయంటే ఇష్టం లేదా?"

"అయ్యో! బంగారంలాంటి పిల్ల."

"మరి?"

పెద్దమ్మ మళ్ళీ మడతలో పడింది. మేడమ్ పుర్రక్కను పక్కకు పిలిచింది. "చూడండి, తోటిమనిషిని తక్కువ చేసినవాళ్ళను ఇక్కడ ఉంచడానికి లేదు. ఆ నియమం మంచిదే, మీకూ తెలుసు. శుక్రవారం దాకా ఆగుతాను. కారణమన్నా చెప్పాలి, చేతికన్నా ఇవ్వాలి. రెండూ కాదంటే ఆవిడను ఇంటికి పంపక తప్పదు. ఇది నాకు ఇష్టమై చేసే పనైతే కాదు."

ఆ లాండ్రీయే పెద్దమ్మకు ఇల్లూ వాకిలీ. అక్కడి నుంచి పంపేస్తే, అదీ సాటివాళ్ళను అవమానించిందన్న మాట పడి వెళితే, ఆ మనిషి ఏమవుతుంది? టీ తాగే వేళకు పుర్రక్క ఆవిడ పక్కన కూర్చుని బతిమాలింది.

"ఒక్క ముక్క చెప్పు పెద్దమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

"చెప్పే ముక్క కాదే అమ్మాయ్."

"పోనీ ఆ పిల్ల చేతికిచ్చెయ్యి, గొడవ వదిలిపోద్ది."

"ఇవ్వకూడదు. ఆ పిల్లకి, ఆ పిల్ల ఇంటికి..." పెద్దమ్మ చటుక్కున ఆగి, ఎదురుగా ఉన్న దుప్పట్ల దొంతి వైపు చూసింది. "వద్దులే. పంపితే పంపనీ నన్ను."

ఆ సాయంత్రం పుర్రక్క ఇంట్లో అన్యమనస్కంగా వడ్డించింది. మొగుడు బస్సు డ్రైవరు. ఊరంతా తిప్పి తిప్పి వచ్చి, ఇంట్లో కూర్చున్నాక ఎడమకూ కుడికీ చూడని మనిషి. అన్నం తింటూనే చెయ్యి చాచి, పక్కనున్న స్టూలు మీద తడిమి, అక్కడ ఆమె పెట్టిన మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. పుర్రక్క ఆ చెయ్యి వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏమయ్యా, నేను నీ చేతికి ఎప్పుడైనా గ్లాసిచ్చానా?"

"ఎక్కడిచ్చావు? పక్కన పెడతావు, నేను వెతుక్కుంటా. పెళ్ళైన కొత్తలో నేనంటే గిట్టదేమో అనుకున్నా."

"మరి అడగలేదేం?"

"అడిగితే అవునంటావేమోనని!"

పుర్రక్కకు నవ్వాగలేదు. "మరి ఎప్పుడు తెలిసింది?"

"మీ అత్త ఓసారి వచ్చినప్పుడు. ఆవిడ ముందు నువ్వు చేతులు దాచుకోవడం చూశా. ఎదుటివాడికి తప్పు తగలకుండా నువ్వే పక్కకి తప్పుకుంటున్నావని అప్పుడర్థమైంది. నాకేం తప్పు తగలదు గానీ, ఆ పెరుగు ఇటు జరుపు."

పెరుగు జరిపింది గానీ ఆ మాట మీంచి మనసు జరగలేదు. వస్తువు పెట్టి వెనక్కి జరిగేవాళ్ళందరూ ఎదుటివాళ్ళను నెట్టేస్తున్నట్టేనా? తనైతే ఎన్నడూ ఎవరినీ నెట్టలేదు. పెద్దమ్మ సగంలో మింగిన మాట గుర్తొచ్చింది. ఆ పిల్లకి, ఆ పిల్ల ఇంటికి.

మర్నాడు ఆమె పెద్దమ్మ చేతులను చూస్తూ నిలబడింది. ఆకుపచ్చ బట్టలు వచ్చాయి. పెద్దమ్మ వాటిని మడిచి, శుభ్రంగా కొండచెల్లి చేతిలోనే పెట్టింది. కోపం మీద ఉన్న ఆ పిల్ల గమనించను కూడా లేదు. పిల్లల వార్డు పూలదుప్పట్లు వచ్చాయి. అవీ చేతికే ఇచ్చింది. తెల్లవి వచ్చాయి. ట్రాలీ అంచు మీద పెట్టి, వెనక్కి జరిగింది.

పోయినవాళ్ళ మీద కప్పేదీ తెల్లదేనని పుర్రక్కకు తట్టింది. పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి, "మీ ఊళ్ళో మడిచిన తెల్లదుప్పటి చేతికిచ్చేది ఒక్కప్పుడేనా పెద్దమ్మా? ఇంట్లో మనిషి పోయినప్పుడు?" అంది.

పెద్దమ్మ గభాల్న ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉష్! పైన రోగులు పడుకునే బట్టలే ఇవి! వీటి ముందా ఆ మాట?"

అదీ సంగతి. చేతికిస్తే ఆ పిల్ల ఇంటికి కీడు. ఎందుకివ్వనో చెబితే, ఆ దుప్పటి మీద పడుకునే రోగికి కీడు. చెప్పకపోతే తన కూటికి కీడు. మూడింట్లో పెద్దమ్మ తన కూడే వదులుకుంది.

పుర్రక్క మధ్యాహ్నం కొండచెల్లిని లాండ్రీలోంచి బయటికి, సైకిళ్ళు పెట్టే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ దుప్పట్లేవీ లేవు.

"నువ్వూ ఆవిడ పక్కేనా అక్కా?" అంది కొండచెల్లి చేతులు కట్టుకుని.

"ముందు ఇది చెప్పు. నేను నీ చేతికి ఎప్పుడైనా ఏదైనా ఇచ్చానా?"

"లేదు. నువ్వు బల్ల మీద పెడతావు."

"మరి నా మీద మేడమ్‌కి చెప్పలేదేం?"

"నీది పుర్రచెయ్యి కదక్కా. ఒంటిచేత్తో, అందులోనూ ఆ చేత్తో ఇస్తే మాకు బాగుండదని, మా మర్యాద కోసం అలా పెడతావని మేమే అనుకున్నాం."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? కనపడుతుంటేనూ!"

"నాది కనపడుతుంది కాబట్టి మన్నించారు. ఆవిడది కనపడదే, మరి?"

కొండచెల్లి కట్టుకున్న చేతులు విప్పింది. పుర్రక్క గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. విన్నకొద్దీ ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"మా ఆయన క్వారీలో..."

"నువ్వే చెప్పావు కదా మొదటి రోజు. ఆవిడ మర్చిపోలేదు."

ఆ పిల్ల సైకిలు సీటు మీద వేలితో గీతలు గీసింది. తర్వాత తలెత్తి, "సరే, ఆవిడ మీద నాకింక కోపం లేదు. కానీ అక్కా, నేను చేతులు చాచి నిలబడితే అవి గాల్లోనే ఉండిపోతున్నాయి. అందరి ముందూ! దానికేం చేస్తావు?" అంది.

పుర్రక్కకు ఆ మాటా న్యాయంగానే తోచింది. ఒకరికి కీడు తప్పించబోయి ఇంకొకరి చేతులు ఖాళీగా వదిలేస్తే ఎలా? ఇద్దరూ లోపలికి వెళ్ళి, ఒక మూల పడేసిన పాత వార్డు బల్లను ఈడ్చుకొచ్చారు. దానికొక కాలు పొట్టి. మడిచేవాళ్ళకూ పేర్చేవాళ్ళకూ నడుమ దాన్ని వేశారు. ఇక నుంచి వరసలో ఎవరైనా సరే, ఏ దుప్పటైనా సరే, ఆ నడుమబల్ల మీద పెట్టాలి. అందుకునేవాళ్ళు అక్కడి నుంచి తీసుకోవాలి. చెయ్యి చాచే పనే లేదు. కొండవాళ్ళు రెండు చేతులతో పెట్టారు, రెండు చేతులతో తీసుకున్నారు. పుర్రక్క తన ఎడమచేత్తో పెట్టింది. పెద్దమ్మ తెల్లదుప్పటి పెట్టి, "తీసుకో తల్లీ," అంది. ఆవిడ పని మధ్యలో తనంతట తాను మాట్లాడటం లాండ్రీ వినడం అదే మొదటిసారి.

"తీసుకున్నా పెద్దమ్మా! ఇంకోటి పెట్టు, ఇంత నెమ్మదైతే ఎలా?" అంది కొండచెల్లి. అంతలోనే వేళాకోళం!

శుక్రవారం మేడమ్ దిగివచ్చింది. పుర్రక్కకు కారణం తెలిసీ ఆ దుప్పట్ల మధ్య చెప్పడానికి లేదు. చెప్పకపోతే మేడమ్ ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

"కారణం తెలిసిందా?" అంది మేడమ్.

పుర్రక్క నోరు తెరిచేలోగా కొండచెల్లి ముందుకొచ్చింది. "నాకు చెప్పారు మేడమ్. అది ఇక్కడ చెప్పేది కాదు. బాధపడింది నేను, నాకు సరిపోయింది. ఆవిడ్ని పంపిస్తే మాత్రం ఈ ట్రాలీ మీరే తోసుకోవాలి!"

మేడమ్ ఆ పిల్లను చూసింది, పెద్దమ్మను చూసింది, నడుమనున్న బల్లను చూసింది. బల్ల మీద చెయ్యి వేస్తే అది ఒక పక్కకు ఒరిగింది. "బాధపడ్డవాళ్ళకు సరిపోతే నాకూ సరిపోయినట్టే. ఇది కుంటుతోంది, మంచి బల్ల పంపిస్తాను," అని నవ్వి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ ఉన్నపళంగా బట్టలబుట్ట మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, చిన్నపిల్లలా నవ్వింది. ఆ సాయంత్రం పుర్రక్క ఇంటికెళ్ళి, మొగుడు చెయ్యి చాచకముందే గ్లాసును తిన్నగా ఆయన చేతికే ఇచ్చింది. ఎడమచేత్తోనే. ఆయన ఉలిక్కిపడి సగం నీళ్ళు ఒలకబోశాడు.

ఆ తర్వాతి గెలుపులు ఒకటా రెండా! మేడమ్ ఈ సంగతి మిగతా ఆసుపత్రుల్లో చెప్పింది. వాళ్ళు పుర్రక్కను పిలవసాగారు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒకచోట కలిసి పనిచేయడమెలాగో చూసిపెట్టడం ఇప్పుడామె ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఆఫీసువాళ్ళు ఎంత పెద్ద పేరు పెట్టారంటే, గది తలుపు మీది పలకలో రెండు వరసల్లో కూడా పట్టలేదు. వంటశాలలు చూసింది, మందుల గిడ్డంగులు చూసింది. వెళ్ళిన చోటల్లా ఒక పూట ఎవరితోనూ మాట్లాడకుండా చేతులను చూస్తూ నిలబడుతుంది. పెద్ద చదువులవాళ్ళు రాసిన పద్ధతులూ శ్రద్ధగా విని, పనికొచ్చేవి తెచ్చుకుంటుంది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మా అత్త దగ్గర," అంటుంది.

ఎక్కడా తప్పటడుగు వేయలేదని కాదు. ఒక వంటశాలలో ఒకాయన రోజూ గోడవైపు తిరిగి ఒంటరిగా తినడం చూసి, ఆమె ప్రాణం ఉసూరుమంది. పాపం, ఎవరూ కలుపుకోవడం లేదనుకుని, ఆయన పళ్ళెం తెచ్చి అందరి మధ్యా పెట్టించింది. ఆయన దణ్ణం పెట్టాడు. "అమ్మా, తింటూ మాట్లాడితే నాకు పొలమారుద్ది. ఇన్నాళ్ళకి ఈ గోడ దొరికింది. నా గోడ నాకిచ్చెయ్యండి!" పుర్రక్క పడీపడీ నవ్వి, ఆయన గోడ ఆయనకిచ్చేసింది. తన కొలతతో అందరికీ చొక్కాలు కుట్టకూడదని అప్పటి నుంచి మరింత జాగ్రత్త పడుతోంది.

ఇప్పుడామె చాలా దూరంలో, రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణించి చేరుకునే ఒక ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి లాండ్రీలో మూడు భాషలవాళ్ళు, ఎవరి మూల వారిదిగా పనిచేస్తున్నారట. ఇక్కడ పెద్దమ్మకు పని విరమించే వయసొచ్చింది. ఎవరూ పంపకుండా, ఏ మాటా పడకుండా, నిండుగా తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళబోతోంది. ఈ నెలాఖరుకే వెళ్ళిపోవాలి గానీ, ఆవిడ ససేమిరా అంది.

"ఆ అమ్మాయి రాకుండా నేను గడప దాటను. ఇన్నాళ్ళు ఉంచిందే, ఇంకో నాలుగు రోజులు ఉంచలేదా ఈ ఆసుపత్రి?"

మేడమ్ సరేనంది. కొండచెల్లి రోజూ పొద్దున్నే వచ్చి, "అక్క ఎప్పుడొస్తుందంట?" అని మేడమ్ ప్రాణం తీస్తోంది. నిన్న పుర్రక్క ఫోన్ చేసింది. అక్కడి మూలలు ఖాళీ అయ్యాయనీ, అందరూ ఒకే వరసలోకి వచ్చారనీ, రైలు టిక్కెట్టు కూడా చేతికొచ్చిందనీ చెప్పింది. ఆ మాట విన్నాక పెద్దమ్మ మడతల బల్ల ముందు నెమ్మదిగా పనిలో పడింది. పుర్రక్క వచ్చేది వచ్చే నెల పన్నెండో తేదీ, బుధవారం, పొద్దుటి బండికి.